ఏ యోహాను, సంపాదకులు గారూ?

సంపాదకులు గారికి నమస్కారం.

మా మనవడికి పదకొండేళ్లు. సండే స్కూలు క్విజ్‌లో ‘ప్రకటన గ్రంథం రాసినది ఎవరు?’ అన్న ప్రశ్నకు ‘బాప్తిస్మమిచ్చు యోహాను’ అని రాసి మార్కు పోగొట్టుకున్నాడు. అంతటితో ఊరుకునే రకం కాదు వాడు. మరుసటి ఆదివారం మీ పండుగ ప్రత్యేక పేజీని నాలుగు మడతలు పెట్టి, జేబులో దోపుకుని వెళ్లి టీచరమ్మ ముందు పరిచాడు. మూడో కాలమ్‌లో, రంగు గడిలో, కొట్టొచ్చినట్టు ఉంది మరి: యొర్దాను నదిలో యేసుకు బాప్తిస్మమిచ్చిన యోహాను ముసలితనంలో పత్మాసు ద్వీపానికి ప్రవాసం వెళ్లి, అక్కడ ప్రకటన గ్రంథం రాశాడని. టీచరమ్మ తప్పంది. వాడు ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా నన్ను నిలదీశాడు. “పేపర్లో వచ్చింది అమ్మమ్మా! పేపర్లో తప్పెలా వస్తుంది?”

అడగవలసిన మనిషినే అడిగాడు. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు గుంటూరులో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాను. సీసపు అక్షరాల రోజుల్లో చేరి, కంప్యూటర్లు వచ్చి కుదురుకున్నాక మానేశాను. పెళ్లి శుభలేఖలు, మిర్చి వ్యాపారుల బిల్లు పుస్తకాలు, పరీక్షల గైడ్లు, వాటితో పాటు చర్చీల పంచాంగాలు, పాటల పుస్తకాలు, సండే స్కూలు పాఠాలు నా చేతి మీదుగా పోయేవి. అచ్చుతప్పులు ఎలా పుడతాయో నాకు తెలుసు. కంపోజిటరు చెయ్యి పక్క గడిలో పడితే పుడతాయి, ప్రూఫు చదివేవాళ్లకు కునుకు వస్తే మిగిలిపోతాయి. మీ తప్పు ఆ జాతిది కాదు. ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఇద్దరూ ఒకరేననుకున్న తప్పు అది. అందుకే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది.

బాప్తిస్మమిచ్చిన యోహాను జెకర్యా, ఎలీసబెతుల కొడుకు. ఆయన్ను హేరోదు చెరలో పెట్టించాడు. మృతసముద్రానికి తూర్పున ఉన్న మకేరస్ కోటలో అని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. హేరోదు పుట్టినరోజు విందులో ఒక అమ్మాయి నాట్యం చేయడం, తల్లి చెప్పగా యోహాను తల పళ్లెంలో పెట్టి ఇమ్మని ఆమె అడగడం, రాజు ఇచ్చిన మాట తప్పలేక భటుణ్ణి పంపడం మార్కు సువార్త 6వ అధ్యాయంలో ఉన్నాయి. ఇదంతా యేసు బతికి ఉండగానే జరిగింది. తల పోయిన మనిషి పత్మాసు ఎలా వెళతాడు? ప్రకటన రాసినవాడు జెబెదయి కొడుకు, చేపలు పట్టేవాడు, అపొస్తలుడైన యోహాను అని సంఘం తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది. పండితుల్లో కొందరు ఆయన కూడా కాదు, వేరే మరో యోహాను అంటారు. వాళ్ల తగవు వాళ్లది. బాప్తిస్మమిచ్చిన యోహానుకు ఆ తగవులో చోటు లేదు.

ఈ ముక్క చెబుదామని మీ కార్యాలయానికి ఫోను చేశాను. ఎవరో కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. “అమ్మా, క్రైస్తవులకు ఎలాగూ తెలుసు. తెలియనివాళ్లకు ఏ యోహాను అయితే ఏముంది?” అన్నాడు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. భీముడు చేసిన పని అర్జునుడి పేరు మీద వేస్తే మీ బల్ల మీద ఎవరైనా ఊరుకుంటారా? తెలిసినవాళ్లు మీ పేజీ చదివి నవ్వుకుంటారు. తెలియనివాళ్లే నమ్ముతారు. మా పక్కింటి పిన్నిగారికి ఎనభై దాటాయి, సత్యనారాయణ వ్రతం చేసినా, క్రిస్మసు కేకు పంచినా ఆవిడది ఒకే శ్రద్ధ. మీ పండుగ పేజీ మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుతుంది. చదివి గోడ మీదుగా నన్ను అడుగుతుంది: “యేసు శిష్యుల్లో జేమ్స్ అని ఉన్నాడటమ్మా? అది ఇంగ్లండు రాజు పేరు కాదూ?”

ఇంగ్లండు రాజు పేరే. 1611లో వచ్చిన ఇంగ్లీషు బైబిలు ఆ రాజు పేరుతోనే ప్రసిద్ధం. కానీ ఆ శిష్యుడి పేరు తెలుగులో యాకోబు. పాత నిబంధనలో ఇస్సాకు కొడుకు యాకోబు ఉన్నాడే, అదే పేరు. గ్రీకులోనూ ఒకటే. ఇంగ్లీషువాళ్లు లాటిను దారిలో తిరిగి తిరిగి ఒక చోట జాకబ్ అని, మరో చోట జేమ్స్ అని రెండు పేర్లు చేసుకున్నారు. మీ పేజీలో పై వార్తలో యాకోబు, కింది వార్తలో జేమ్స్. చదివేవాళ్లకు ఒక మనిషి ఇద్దరయ్యాడు. పక్క కాలమ్‌లో ఇద్దరు యోహానులు ఒకరయ్యారు. లెక్క సరిపోయిందనుకోవాలి కాబోలు!

ఇంగ్లీషు రూపమే అసలు రూపమనీ, తెలుగు రూపం పాతకాలపు పాదిరీల నోరు తిరగక వచ్చిందనీ మీ వాళ్లలో ఒక అభిప్రాయం ఉన్నట్టు కనబడుతోంది. జరిగింది దానికి తలకిందులు. హీబ్రూలో ఆయన పేరు మోషే. మనం మోషే అనే అంటాం, మోజెస్ అన్నది ఇంగ్లీషువాళ్లే. యెరూషలేము అన్నప్పుడు మన నోరు హీబ్రూ పలుకుకు ఎంతో దగ్గరగా ఉంటుంది. ‘జ’ ఇంగ్లీషు నోటిది. యెషయా, యిర్మీయా, హవ్వ, అన్నీ అంతే. యోహాను, పేతురు, పౌలు గ్రీకు పేర్లకు తెలుగు తీరులో ఉకారపు ముగింపు పెట్టి అల్లినవి. వీటి వెనక ఎవరి చెవి ఉందో కూడా చెప్పాలి. విశాఖపట్నంలో 1805లో దిగిన లండన్ మిషను వాళ్లు క్రాన్, డెస్‌గ్రాంజెస్ సువార్తల అనువాదానికి కూర్చున్నప్పుడు వాళ్ల పక్కన ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణుడు ఉన్నాడు. క్రైస్తవం పుచ్చుకున్నవాడు. 1809లో క్రాన్, 1810లో డెస్‌గ్రాంజెస్ చనిపోయారు. వాళ్ల మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అంతకుముందే, 1746లో, బెంజమిన్ షుల్జ్ తెలుగు క్రైస్తవ ప్రశ్నోత్తరాల పుస్తకం జర్మనీలోని హాలేలో అచ్చయింది. తెలుగు అక్షరం అచ్చులోకి వచ్చిన తొలి పుస్తకాల్లో అదొకటి. అంటే మీ పత్రికకూ, నా ప్రూఫులకూ ముత్తాత లాంటిది. అప్పటి నుంచి అరగదీసి నునుపు చేసుకున్న పేర్లను ఇంగ్లీషు వార్తాసంస్థ పంపిన కాగితం చూసి ఒక్క పూటలో మార్చేస్తే నాకు కడుపు మండుతుంది.

పేరు మార్చడంతో పోయేది అందం ఒక్కటే అయితే ఇంత రాయను. తోవ తప్పుతుంది. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో భూకంపం వచ్చినప్పుడు మీరు రోజుల తరబడి ‘అంటాక్యా’ నేలమట్టమైందని రాశారు. ఫొటోలు వేశారు. నేనూ చదివాను, అయ్యో అనుకుని పేజీ తిప్పాను. ఆ ఊరు అంతియొకయ అని నాకు వారం తరువాత గానీ వెలగలేదు. “మొట్టమొదట అంతియొకయలో శిష్యులు క్రైస్తవులనబడిరి” అని అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో ఉంది. ఈ జిల్లాలో సండే స్కూలు చదివిన ఏ పిల్లవాడైనా ఆ వాక్యం కంఠస్థం చెబుతాడు. పౌలు, బర్నబా ఏడాది పాటు బోధించిన ఊరది; పౌలు తన ప్రయాణాలకు బయలుదేరిన ఊరు. అక్కడి పౌలు పేరిటి ఆర్థొడాక్స్ చర్చి ఆ భూకంపంలోనే కూలిపోయింది. ‘బైబిలులోని అంతియొకయ’ అని మీరు ఒక్క ముక్క చేర్చి ఉంటే, ఆ ఆదివారం గుంటూరులో ప్రార్థనలు వేరే తీరుగా ఉండేవి. అంతియొకయలు కూడా రెండున్నాయని, పిసిదియలోది వేరని ఇప్పుడే చెప్పి మిమ్మల్ని భయపెట్టను. ఈ ఉత్తరానికి జతచేసిన కాగితంలో రాశాను.

ఇలాంటివే ఇంకా: మీ ఇజ్మీర్ మా స్ముర్న. మీ మాల్టా, పౌలు ఎక్కిన ఓడ బద్దలైనప్పుడు ఒడ్డుకు చేరిన మెలితే. ఇజ్రాయెల్ విమానాశ్రయం వార్తల్లో వచ్చే లోద్ పట్టణం, పేతురు పక్షవాయువు గల ఐనెయను లేపిన లుద్ద. ఇవి తెలియకపోతే కొంపలు మునగవు. తెలిస్తే మాత్రం విదేశీ వార్త ఒక్కసారిగా వంటింటి గుమ్మం దాకా వస్తుంది.

హేరోదుల సంగతి చెప్పకుండా వదలలేను. క్రిస్మసు ముందురోజు మీరు బెత్లెహేము పసిబిడ్డలను చంపించిన హేరోదును, యోహాను తల నరికించిన హేరోదును, యాకోబును కత్తితో చంపించిన హేరోదును, పౌలు ఎవరి ఎదుట నిలబడి వాదించాడో ఆ అగ్రిప్పను కలిపి ఒక్క రాజును చేశారు. పాపం ఆ ఒక్కడూ అరవై ఏళ్లకు పైగా సింహాసనం దిగలేదన్నమాట. మొదటివాడు మహా హేరోదు, క్రీస్తు పూర్వం 4లో పోయాడు. రెండోవాడు అతని కొడుకు అంతిప, గలిలయకు చతుర్థాధిపతి, అంటే తండ్రి రాజ్యంలో ఒక భాగాన్ని ఏలినవాడు. యేసును సిలువకు ముందు ఎగతాళి చేసి పంపినవాడూ ఇతనే. మూడోవాడు మనవడు మొదటి అగ్రిప్ప. నాలుగోవాడు అతని కొడుకు రెండో అగ్రిప్ప. మన దగ్గర రెడ్డిరాజుల్లో వేమారెడ్లు ఎందరో, ఒకరి శాసనం మరొకరికి అంటగడితే చరిత్ర మాష్టార్లు ఎంత గోల చేస్తారో ఆలోచించండి. క్రీస్తు పుట్టినప్పుడు బతికున్న రాజు క్రీస్తు పూర్వం 4లో ఎలా పోయాడని మీ కుర్రవాడు అడిగితే, 525 ప్రాంతంలో రోములో డయొనీసియస్ అనే సన్యాసి సంవత్సరాల లెక్క కట్టినప్పుడు కొన్నేళ్లు తప్పాడని చెప్పండి. ప్రూఫు చూసేవాళ్లు దొరకలేదు కాబోలు ఆయనకు.

నా సంగతి కొంచెం చెబితే ఈ పేర్ల పిచ్చి ఎక్కడిదో మీకు తెలుస్తుంది. మా పుట్టింటివారు గుంటూరు లూథరన్లు. అత్తవారిది ఫిరంగిపురం దగ్గర పల్లె, కతోలికులు. కాపురానికి వెళ్లిన కొత్తలో మా అత్తగారికీ నాకూ మాట మాటకూ అనువాదం కావలసి వచ్చేది. నేను బాప్తిస్మం అంటే ఆవిడ జ్ఞానస్నానం అనేది. నాకు పరిశుద్ధ పౌలు, ఆవిడకు పునీత పౌలు. నాది మట్టలాదివారం, ఆవిడది మ్రానికొమ్మల ఆదివారం. ఈస్టరుకు ముందు నలభై రోజులు నేను శ్రమకాలం అంటే ఆవిడకు అది తపస్సు కాలం. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు కార్డు మీద ఏ మాట వేయాలని రెండిళ్ల పెద్దలూ వారం రోజులు తర్జనభర్జన పడ్డారు. చివరికి నేనే మా అచ్చాఫీసులో కూర్చుని రెండు మాటలూ పక్కపక్కన వేయించాను, ఒకే సైజు అక్షరాల్లో. ఇంచు తేడా లేకుండా కొలిచి మరీ చూసుకుంది మా అత్తగారు.

ఆ ఊళ్లో వీధికొక శౌరయ్య, ఇంటికొక ఇన్నయ్య. రాయప్పలు, చిన్నప్పలు, జోజప్పలు. శౌరి అంటే శ్రీకృష్ణుడి పేరు కదా, వీళ్లు పెట్టుకోవడం ఏమిటని మొదట్లో నేనూ తెల్లబోయాను. మీ జిల్లా అనుబంధంలో ఒకాయన కూడా ఇదే పట్టుకుని, అక్కడి క్రైస్తవులు పాత వైష్ణవ పేర్లు వదులుకోలేదని మురిసిపోతూ వ్యాసం రాశాడు. సంస్కృతంలో శౌరి కృష్ణుడే, అబద్ధం కాదు. కానీ ఈ శౌరి వేరు. 1552లో చనిపోయి గోవాలో సమాధి అయి ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్ పేరు తమిళ దేశంలో సవేరియార్ అయింది, ఇక్కడికి వచ్చేసరికి శౌరి అయింది. ఇన్నయ్య అంటే ఇన్నాసి, అంటే ఇగ్నేషియస్. జోజప్ప అంటే యోసేపు. పౌలు అనే లాటిను పేరుకు చిన్నవాడని అర్థం, అందుకే చిన్నప్ప. పేతురు అంటే రాయి, రాయప్పలో ఆ రాయి మన చెవికి వినబడుతూనే ఉంది. మా అత్తగారికి ఈ లాటిను, గ్రీకు ఏవీ తెలియవు. కానీ డిసెంబరు 3న శౌరివారి పండుగ అని, ఆ వేళ ఊళ్లో శౌరయ్యలందరి ఇళ్లకూ బూందీ పంచాలని మాత్రం మరిచిపోయేది కాదు. శౌరయ్య అంటే ఎవరని ఆ వ్యాసకర్త ఊళ్లో ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది.

‘సుంకరి’ కూడా మీ చేతిలో బలైన మాటే. మత్తయి సుంకరి. సుంకపు మెట్టు దగ్గర కూర్చుని వసూలు చేసేవాడు, రోమా ప్రభుత్వం తరఫున పని కనుక ఊరంతా అసహ్యించుకునేవాడు. ఎంతో బరువున్న తెలుగు మాట. మీరు ‘పన్ను కలెక్టరు ఉద్యోగం వదిలి యేసును వెంబడించిన మత్తయి’ అన్నారు. మా పిన్నిగారు గోడ మీదుగా “ఏ జిల్లాకమ్మా?” అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే గుంటూరు క్రైస్తవ చరిత్రలో కలెక్టరు ఉన్నాడు, అది వేరే కథ. 1842 జూలై 31న అమెరికా నుంచి మిషనరీ హయ్యరు గుంటూరు చేరినప్పుడు ఆదరించి నిలబెట్టినవాడు ఇక్కడి కలెక్టరు స్టోక్సు.

ఆ హయ్యరును కూడా మీరు వదలలేదు. ఊళ్లో అందరూ ఫాదర్ హయ్యర్ అంటారు కనుక ‘కతోలిక మతగురువు ఫాదర్ హయ్యర్’ అని వేశారు. ఆయన జర్మనీలో హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టి అమెరికా వెళ్లిన లూథరన్ పాస్టరు. పెళ్లాం పిల్లలు గల మనిషి. అభిమానంతో పిలిచిన పిలుపు పేరుకు అతుక్కుపోయింది, అంతే. డెబ్బై అయిదు దాటాక మళ్లీ ఓడెక్కి రాజమండ్రి పని చూడడానికి వచ్చిన గట్టి పిండం ఆయన. ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం 1927లో ఏర్పడింది. అది దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్‌ఐలో, భాగం కాదు. ఆ సంఘం 1947లో మద్రాసులో పుట్టింది, లూథరన్లు అందులో కలవలేదు. మీరు మా చర్చి వార్త ఎప్పుడు వేసినా దానికి సీఎస్‌ఐ అని తగిలిస్తారు. మా పెదనాన్న అయితే ఈ ఒక్క కారణానికి పత్రిక మార్చేశాడు. నేను మార్చలేదు, పదవినోదం కోసం.

ఇక అక్టోబరు 31. 1517లో జర్మనీలోని విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథరు అప్పటి చర్చి పద్ధతులను ప్రశ్నిస్తూ 95 వాదాలు ప్రకటించిన రోజు, మాకు సంస్కరణ పండుగ. మీరు నాలుగు వాక్యాల వార్త వేసి పక్కన ఫొటో వేశారు. నల్లకోటు, టై, మీసం. మార్టిన్ లూథర్ కింగు! నాలుగు వందల ఏళ్ల తరువాతి అమెరికా నీగ్రో హక్కుల నాయకుడు, బాప్తిస్టు పాస్టరు. ఆయనకు ఆ పేరు ఈయన నుంచే వచ్చింది: వాళ్ల నాన్న 1934లో జర్మనీ చూసి వచ్చి తన పేరూ కొడుకు పేరూ మైకేల్ తీసేసి మార్టిన్ లూథర్ చేసుకున్నాడు. బంధం ఉంది గానీ ముఖం వేరు కదా. ఆ కత్తిరింపు నా బిస్కెట్ల డబ్బాలో అన్నిటికంటే పైన ఉంది. బాధ కలిగినప్పుడు తీసి చూసుకుంటాను.

మగ్దలేనే మరియ విషయంలో నవ్వలేను. ‘వేశ్య అయిన మగ్దలీనా’ అని ఈస్టరు రోజున మొదటి పేజీలో వేశారు. లూకా 8వ అధ్యాయం ఆమె గురించి చెప్పేది ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ అని, తన సొమ్ముతో యేసుకు, శిష్యులకు ఉపచారం చేసినవారిలో ఒకరని. అంతకుముందు 7వ అధ్యాయంలో పాపాత్మురాలైన ఒక స్త్రీ కన్నీళ్లతో యేసు పాదాలు తడిపింది; ఆమెకు పేరే లేదు. ఈ ఇద్దరినీ, బేతనియలో ఉండే మార్త చెల్లెలు మరియనూ కలిపి ఒకే స్త్రీ అని 591లో రోములో పోపు గ్రెగరీ ప్రసంగంలో చెప్పాడు. ఆ ఒక్క ప్రసంగం ఆమెకు పద్నాలుగు వందల ఏళ్ల నింద అయింది. 1969లో కతోలికులు తమ పంచాంగం సవరించినప్పుడు ఆ ముడి విప్పేశారు. 2016లో ఆమె స్మరణ దినం జూలై 22ను అపొస్తలుల పండుగల వరుసలోకి పెంచారు. యోహాను సువార్త ప్రకారం లేచిన యేసును మొదట చూసినది ఆమె. రోములో దిద్దుకున్న తప్పును మీరు ఇక్కడ ఇంకా అచ్చు వేస్తున్నారు. ఒక ఆడమనిషి పేరు మీద పడిన మచ్చ కనుక దీనికి సవరణ వేయండి. మిగతావాటికి వేయకపోయినా దీనికి వేయండి.

విజయవాడ ఎడిషను వాళ్లకు ఒక్క మాట. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్లకు లక్షల జనం వస్తారు, మీరు పేజీలు నింపుతారు. 1858లో గుణదల కొండ మీద మేరీమాత దర్శనమిచ్చిందని రాశారు. దర్శనం చెప్పుకునేది ఫ్రాన్సులోని లూర్దులో, 1858 ఫిబ్రవరి 11న, కట్టెలు ఏరుకోవడానికి వెళ్లిన బెర్నదెత్తు అనే పద్నాలుగేళ్ల పిల్లకు. గుణదలలో 1924లో ఫాదర్ అర్లాటి మాత స్వరూపం పెట్టాడు. ‘నిష్కళంక మాత’ అంటే తండ్రి లేకుండా యేసును కన్నదని మీ వివరణ. కాదు. మరియమ్మ తన తల్లి కడుపులో పడినప్పుడే జన్మపాపం అంటకుండా పడిందని ఆ మాటకు అర్థం; 1854 డిసెంబరు 8న పోపు తొమ్మిదో పియూసు ప్రకటించిన కతోలిక విశ్వాసం అది. నేను లూథరన్ను, నాకు ఆ విశ్వాసం లేదు. అయినా మా అత్తగారి నమ్మకాన్ని తప్పుగా చెబితే ఊరుకోలేను.

నీకయ సభ గురించి మూడు వాక్యాలతో సరిపెడతాను. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిచిన ఆ సభ తేల్చింది కుమారుడు తండ్రితో సమానుడా, సృష్టి పొందినవాడా అని అరియస్ లేవదీసిన తగవును. మీరు రాసినట్టు బైబిలు పుస్తకాలను ఓటింగు పెట్టి ఎన్నుకోలేదు. కొత్త నిబంధన 27 పుస్తకాలూ ఇప్పుడున్నట్టు ఒక జాబితాలో కనబడేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేషియస్ ఈస్టరుకు రాసిన ఉత్తరంలో.

తప్పంతా మీదే అనను. మా చర్చీల ఫ్లెక్సీలు చూస్తే మీ పేజీయే నయం. మట్టలాదివారం పోయి ‘పామ్ సండే’ వచ్చింది. పిల్లలు ఈత మట్టలు పట్టుకుని ఊరేగుతుంటారు, వాళ్ల తల మీద ఆ ఫ్లెక్సీ వేలాడుతుంటుంది. బైబిలులో ‘ఖర్జూరపు మట్టలు’ అన్నాడు, చేతిలో మట్ట ఉంది, ఆ మాట ఒక్కటే ఎక్కడికో పోయింది. మీ విలేకరి ఆ ఫ్లెక్సీ చూసి రాసుకుంటాడు. అతణ్ణి ఏమనగలం?

నా తప్పు కూడా చెప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక చర్చి పంచాంగంలో జనవరి 25న ‘పరిశుద్ధ పౌలు మారుమనస్సు’ అని రావాలి. ఔత్వం ఉన్న సీసపు అక్షరం స్థానంలో దీర్ఘం పడింది. నేను మూడుసార్లు చదివాను, మూడుసార్లూ నా కంటికి పౌలే కనబడ్డాడు. ఎనిమిది వందల ప్రతులు ‘పరిశుద్ధ పాలు’ అని అచ్చయి వెళ్లాయి. పాస్టరయ్యగారు ఒక ప్రతి పట్టుకుని వచ్చి మా యజమాని బల్ల మీద పెట్టి, “మీ అచ్చాఫీసులో నీళ్లు కలపరని నమ్మకం కలిగిందండీ” అన్నారు. ఆ రాత్రి నేనూ కంపోజిటరూ కూర్చుని ఎనిమిది వందల కాగితం ముక్కలు అంటించాం. మైదా జిగురు వాసన ఇప్పటికీ నాకు పౌలును గుర్తు చేస్తుంది.

అందుకే ఈసారి ఊరికే తిట్టి వదలకుండా, ఒక కాగితం జతచేసి పంపుతున్నాను. ఫుల్‌స్కేపు కాగితం, రెండు వైపులా రాశాను. ఇంగ్లీషు వార్తలో ఏ పేరు వస్తే తెలుగులో ఏది రాయాలో ఎడమ వైపు ఉంది. ఒకే పేరుతో ఉన్న మనుషులు, ఊళ్లు కుడి వైపు: యోహానులు, యాకోబులు, హేరోదులు, మరియలు, అంతియొకయలు. మరియల దగ్గర చోటు చాలక మార్జినులోకి వెళ్లాను. లూథరన్లు, ఇతర ప్రొటెస్టంట్లు వాడే మాట నల్ల సిరాతో, కతోలికులు వాడే మాట ఆకుపచ్చ సిరాతో రాశాను. ఎవరి పండుగ వార్త అయితే వాళ్ల మాట వాడితే చాలు. జిరాక్సు తీస్తే రెండు రంగులూ ఒకే నలుపు అయిపోతాయి కనుక అసలు కాగితమే పంపుతున్నాను. దాన్ని డెస్కు బల్ల అద్దం కింద పెట్టించండి. టీ ఒలికి అక్షరాలు చెదిరితే కబురు చేయండి, మళ్లీ రాసిస్తాను.

మనవడి సంగతి: మార్కు ఇవ్వలేదు టీచరమ్మ. వాడు మీ పేజీని అట్ట పెట్టెలో భద్రంగా దాచుకున్నాడు. సవరణ వేస్తారేమోనని రోజూ పొద్దున్నే అందరికంటే ముందు వాడే పేపరు తీస్తున్నాడు. నా పదవినోదం పెన్సిలుతో సగం నింపి మరీ ఇస్తున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రూఫు రీడరు,
బ్రాడీపేట, గుంటూరు.